స్కోరు మీద అంటించిన కాగితం

ఆంటీ పోయారని మౌనిక ఫోన్ చేసినప్పుడు నేను హామిల్టన్‌లో, నేను పనిచేసే ఆసుపత్రి పార్కింగ్ లాట్‌లో ఉన్నాను. మౌనిక పనివేళల్లో ఫోన్ చేయదు, మెసేజ్ పెడుతుంది. అందుకే వెంటనే ఎత్తాను. "ఆంటీ లేరే," అంది. పొద్దున కాఫీ కలుపుకుని కప్పుతో కుర్చీలో కూర్చున్నారట. అంతే. నేను లోపలికి వెళ్ళి సెలవు అడిగాను. పోయినావిడ ఏమవుతారని సూపర్‌వైజర్ అడిగితే, చదువుకునే రోజుల్లో మా ఇంటి ఓనర్ అన్నాను. ఓనర్ కోసం రెజైనా దాకా విమానంలో వెళ్ళడమేమిటా అన్నట్టు చూసిందావిడ. ఆ చూపుకు అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుదామని ఇది రాస్తున్నాను.

ఎనిమిదేళ్ళ కిందట నేనూ మౌనికా వరంగల్‌లో ఒకే ఇంజనీరింగ్ కాలేజీ నుంచి, ఒకే విమానంలో, ఒకే కోర్సుకు కెనడాలోని రెజైనా వచ్చాం. ఆ ఏడాది మాలాంటి పిల్లలు ఎంతమంది దిగారంటే, అద్దెకు బేస్‌మెంట్ దొరకడం కాలేజీలో సీటు దొరకడం కంటే కష్టమైంది. ఆంటీ ఇంటి బేస్‌మెంట్‌లో మాకు గది దొరికింది. అంకుల్ మేం రాకముందే పోయారు. ఆంటీది నెల్లూరు. ముప్పై ఏళ్ళు రెజైనాలోనే ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యారు. మొదటి రోజే షరతులు చెప్పారు. బూట్లు చాప మీదే విప్పాలి. తాళింపు పెట్టేటప్పుడు ఫ్యాన్ వేయాలి. ఆదివారం మధ్యాహ్నం పైకొచ్చి తనతో ఫుట్‌బాల్ చూడాలి. మూడోది హాస్యమనుకున్నాం. కాదు.

బంతిని కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు. హెల్మెట్లు పెట్టుకుని ఒకరి మీద ఒకరు పడే ఆట. అందులో క్వార్టర్‌బ్యాక్ అని ఒకడుంటాడు. బంతి అతని చేతికొస్తుంది, ఎవరికి విసరాలో రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. గెలిస్తే పేరు అతనిదే, ఓడితే తిట్లూ అతనికే. అమెరికాలో ఏటా వసంతంలో కాలేజీ కుర్రాళ్ళను జట్లు వరసగా ఎంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. మేం వచ్చిన ఏడు అలా ఎంపికైన నలుగురు క్వార్టర్‌బ్యాక్‌లను ఆంటీ పట్టుకున్నారు. వాళ్ళ అసలు పేర్లు మాకు నోరు తిరిగేలోపే ఆవిడ పేర్లు పెట్టేశారు. ఎడమచేతివాడు, పొడుగువాడు, పాస్టరు గారబ్బాయి, నవ్వనివాడు. నవ్వనివాణ్ణి అందరికంటే ముందు ఎంచుకున్నారు. పాస్టరు గారబ్బాయి వంతు చిట్టచివర వచ్చింది.

"వీళ్ళు నలుగురూ ఒకే బ్యాచ్, మీలాగా," అన్నారు ఆంటీ మొదటి ఆదివారం.

ఆసుపత్రిలో చేరిన కొత్తలో లంచ్‌రూమ్‌లో అందరూ ఈ ఆట గురించే మాట్లాడుకునేవారట. ఒక్కర్తే మూల కూర్చుని పెరుగన్నం తినలేక నేర్చుకున్నానని చెప్పారు. అయితే ఆవిడ చూసే పద్ధతి లోకంలో ఎవరిదీ కాదు. టీవీ కింది అంచున స్కోరు పడుతుంది కదా, సరిగ్గా అక్కడ ఒక గోధుమరంగు కాగితపు పట్టీ అంటించేవారు. ఎక్స్‌రే ఫిల్ములు పెట్టే పాత కవరు నుంచి కత్తిరించింది. కామెంటరీ వినపడకుండా టీవీ సౌండ్ ఆపేసేవారు. ఆట అయ్యాక, ఎవరెలా ఆడారో మేం ముగ్గురం వరసగా చెప్పాలి. అందరూ చెప్పాకే ఆవిడ లేచి పట్టీ ఎత్తి స్కోరు చూసేవారు. పట్టీని మేం ముట్టుకోకూడదు.

ఇదేం చాదస్తమని నేను మొదట్లో విసుక్కునేదాన్ని. స్కోరు తెలిస్తే మన కళ్ళు దానికి సాక్ష్యాలు వెతుక్కుంటాయనేవారు ఆవిడ. గెలిచినవాడు ఏం చేసినా తెలివిగా కనబడుతుంది, ఓడినవాడు ఏం చేసినా తప్పుగా కనబడుతుంది. ఒకసారి ఒక కుర్ర డాక్టరు రెండు ఛాతీ ఫిల్ములు పక్కపక్కన పెట్టి, గుండె పెరిగిందని కంగారు పడ్డాడట. ఒకటి రోగిని నిలబెట్టి తీసింది, రెండోది పడుకోబెట్టి తీసింది. పడుకోబెడితే ఎవరి గుండైనా పెద్దదిగానే పడుతుందని ఆంటీ చెప్పాల్సి వచ్చింది. ఆ కథ మాకు ఏడెనిమిది సార్లు చెప్పి ఉంటారు.

"పోల్చడం తప్పు కాదమ్మాయ్. సగం చూసి పోల్చడం తప్పు," అనేవారు. బంతి విసిరేవాణ్ణి కాక, ముందు అతని ఎదుట అడ్డంగా నిలబడే ఐదుగురు బండమనుషులను చూడమనేవారు. మీద పడబోయేవాళ్ళను ఆపడమే వాళ్ళ పని. బంతి ముట్టుకోరు, పేర్లు ఎవరికీ తెలియవు. పాస్టరు గారబ్బాయి ముందు గోడలాంటి ఐదుగురున్నారు. నవ్వనివాడి ముందున్నవాళ్ళు వారానికొకరు మారిపోతున్నారు, కోచ్‌లూ మారిపోతున్నారు. ఇదంతా చూడకుండా వీడు మొనగాడు, వాడు దండగ అనేస్తే ఎలాగని ఆవిడ వాదన. అలాగని ఆవిడ లెక్క ఎప్పుడూ కరెక్ట్ కాదు. అందరిలోకీ ఎడమచేతివాడే గొప్పవాడవుతాడని పట్టుబట్టారు. వాడు మూడో ఏడాదికి ఆటే మానేశాడు. "తప్పు చదివాను," అని ఒప్పుకుని, ఆ పూట మాతో మాట్లాడకుండా పప్పు తిన్నారు.

ఈ పాఠాలన్నీ నేను ఆట గురించే అనుకున్నాను.

చదువు అయ్యేసరికి మౌనికకు కో-ఆప్‌లో, అంటే చదువులో భాగంగా చేసే ఉద్యోగ శిక్షణలో, ప్రభుత్వ ఆఫీసు దొరికింది, అదే ఉద్యోగమైంది. నేను డోనట్ షాపులో మార్నింగ్ షిఫ్ట్ చేస్తూ, మధ్యాహ్నం అప్లికేషన్లు పెడుతూ ఉండేదాన్ని. ఇంటికి ఫోన్ చేస్తే మా అమ్మ మొదట నన్ను తిన్నావా అనేది, తర్వాత మౌనిక ఎంతదాకా వచ్చిందనేది. నాకు ఒళ్ళు మండేది. ఆ మంట అమ్మ మీద చూపించలేక మౌనిక మీద చూపించాను. ఒకే గదిలో ఉంటూ మాటలు తగ్గించాను. అది వంట చేస్తే ఆకలి లేదన్నాను. దానికి పీఆర్, అంటే ఇక్కడే శాశ్వతంగా ఉండే అనుమతి, వచ్చిన వారం ఆదివారంనాడు ఆంటీ గోంగూర చికెన్ చేసి ఇద్దరినీ పిలిస్తే, షిఫ్ట్ ఉందని అబద్ధం చెప్పాను. షిఫ్ట్ లేదు. కాసేపు బస్సుల్లో తిరిగి, వెనక తలుపు నుంచి గదిలోకి దూరి పడుకున్నాను. పైన వాళ్ళిద్దరి నవ్వులు వినబడుతున్నాయి. కాసేపటికి మౌనిక ప్లేటు పట్టుకుని దిగింది. నా బూట్లు చూసి ఉంటుంది. నేను కళ్ళు మూసుకుని నిద్ర నటించాను. అది ప్లేటు బల్ల మీద పెట్టి, నా కాళ్ళ మీద దుప్పటి సర్ది వెళ్ళిపోయింది. ఆ రోజు నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇంకా గుర్తుంది. అయినా మర్నాడూ మాట్లాడలేదు. నా వర్క్ పర్మిట్ అప్పటికి అయిదు నెలలు మిగిలి ఉంది. అది అయిపోతే నేను వెళ్ళిపోతాను, మౌనిక ఉంటుంది. నాకు అదొక్కటే కనబడుతోంది.

తర్వాతి ఆదివారం మౌనికను ఏదో తెమ్మని దుకాణానికి పంపి, ఆంటీ నన్ను పైకి పిలిచారు. టీవీలో పొడుగువాడు ఆడుతున్నాడు. ఆవిడ టీవీ ఆపేశారు. ఆట మధ్యలో ఆవిడ టీవీ ఆపడం నేనెప్పుడూ చూడలేదు.

"ఇప్పుడు మీ ఇద్దరి ఆట ఎలా ఉందో చెప్పు," అన్నారు.

నేను మొదలుపెట్టాను. ఎప్పటినుంచో లోపల తయారుగా ఉన్నదే కాబట్టి తడుముకోలేదు. "దానికి కాల్గరీల అన్న ఉన్నడు ఆంటీ. రెజ్యూమె ఆయనే రాసిచ్చిండు. ఇంటర్వ్యూకు ప్రాక్టీస్ చేయించిండు. నాకెవరున్నరు? దానికి కో-ఆప్ వచ్చింది, నాకు రాలే. మార్కులు నాకే ఎక్కువ."

"సరే. ఇవి ఆ పిల్లకు కలిసొచ్చినవి. అడ్డొచ్చినవి?"

నేను ఆపేసిన టీవీ వైపు చూశాను. తెలియక కాదు. మేం వచ్చిన రెండో నెలలో మౌనిక వాళ్ళ నాన్న పోయారు. వెళ్ళడానికి దానికి వీలు కాలేదు. అంత్యక్రియలు ఫోన్‌లో చూసింది. ఆ ఫోన్ దాని ముందు పట్టుకున్నది నేను. ఇన్ని నెలలుగా రాత్రీ పగలూ మా ఇద్దరినీ పోల్చుకుంటూ, ఆ ఒక్క సంగతి నేను పక్కన పెట్టేశాను.

"వాళ్ళ నాన్న," అన్నాను చివరికి.

"ఆ పది రోజులు ఆ పిల్ల ముందెవరు నిలబడ్డారు?"

దాని షిఫ్టులు నేనే చేశాను. అసైన్‌మెంట్ గడువు పెంచమని ప్రొఫెసర్‌ను నేనే అడిగాను. అన్నం కలిపి నోట్లో పెట్టాను. అవన్నీ ఆంటీ చూశారని నాకు తెలియదు.

"అది కూడా నీ ఫిల్ములో పడాల కదా. ఆ పిల్లనే కాదు, నిన్ను కూడా నువ్వు సగమే చూసుకుంటున్నావు," అన్నారు. నేను ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు, టిష్యూ డబ్బా ఇటు తోసి మళ్ళీ టీవీ పెట్టుకున్నారు.

సాయంత్రం కిందికి వెళ్ళి మౌనికతో, ఆ రోజు నేను నిద్రపోలేదని చెప్పాను. "తెలుసు," అంది. "నిద్రపోతే నువ్వు గురక పెడ్తవు." ఆ వారమంతా అది ఆఫీసు నుంచి రాగానే నా రెజ్యూమె ముందేసుకుని కూర్చుంది. ఉద్యోగం వెంటనే రాలేదు. పర్మిట్‌లో ఆరు వారాలు మిగిలి ఉండగా వచ్చింది, పీఆర్ రావడానికి మరో రెండేళ్ళు పట్టింది. పీఆర్ వచ్చిన రోజు ఆంటీకి ఫోన్ చేసి చెబితే, సంతోషమమ్మా అని, నీ ముందు నిలబడ్డవాళ్ళకు ముందు చెప్పాల్సింది అన్నారు. నేను అప్పటికే మౌనిక పక్కన కూర్చునే మాట్లాడుతున్నాను.

ఇంకో సంగతి చెప్పాలి. నవ్వనివాణ్ణి అమెరికాలో రెండు జట్లు వదిలేశాక, అక్కడ చోటు దొరకని చాలామందిలాగే అతనూ కెనడా వచ్చాడు. వచ్చింది మా రెజైనా జట్టుకే. ఆంటీ మోకాళ్ళ నొప్పులతోనే మమ్మల్ని స్టేడియానికి లాక్కెళ్ళారు. అక్కడి స్కోరుబోర్డు మా ఇంటికంటే పెద్దది, దానికి పట్టీ అంటించలేరు. టోపీ కళ్ళ మీదికి లాక్కుని కూర్చున్నారు. మమ్మల్నీ అటు చూడొద్దన్నారు. చివర్లో అతనికి కాసేపు ఆట ఇచ్చారు. బంతిని పది గజాలు ముందుకు తీసుకెళ్ళడానికి అమెరికా ఆటలో నాలుగు ప్రయత్నాలు, ఇక్కడ మూడే. మూడూ పోయాయి. జనం ఉసూరుమన్నారు. అతను వెళ్ళి బెంచి మీద కూర్చుని, తన తర్వాత దిగిన కుర్రాడు తిరిగి రాగానే పక్కకు జరిగి చోటిచ్చి, చేతులు తిప్పుతూ ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. ఆంటీ ఒక్కరే లేచి చప్పట్లు కొట్టారు. చుట్టుపక్కలవాళ్ళు ఏం జరిగిందా అని మైదానం వైపు చూశారు. అక్కడేమీ జరగడం లేదు.

శనివారం అంత్యక్రియలయ్యాయి. బేస్‌మెంట్‌లో అద్దెకున్నవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో ఇరవై మంది దాకా వచ్చారు. సర్రీ నుంచి ఆంటీ కూతురు వచ్చింది. ఆమె మాకంటే పదేళ్ళు పెద్దది, ఇక్కడే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో చెబుతుంది. అమ్మ ఆదివారాలు ఫోన్ ఎత్తేది కాదని, చిన్నప్పటి నుంచీ ఈ ఆటంటే తనకు కోపమని మాతో చెప్పింది.

మర్నాడు ఆదివారం. సామాను సర్దడానికి వెళ్ళాం. టీవీ కింది అంచున పట్టీ అలాగే ఉంది. ఈ టేప్ ఏమిటని ఆమె గోటితో తీయబోతే, "ఉండనీయండక్కా," అని మౌనిక చేయి పట్టుకుంది. ఎందుకో చెప్పాం. ఆమె కాసేపు ఆ పట్టీనే చూసింది. తర్వాత తనే టీవీ పెట్టి, వాళ్ళమ్మ కుర్చీలో కూర్చుంది. మేం మా పాత చోట్లలో చెరో పక్కన కూర్చున్నాం. పాస్టరు గారబ్బాయి ఆడుతున్నాడు. నలుగురిలో ఇంకా ఆడుతున్నది అతనొక్కడే. టీవీ సౌండ్ ఆపేసి చివరిదాకా చూశాం.

ఆట అయ్యాక అలవాటు ప్రకారం మౌనిక చెప్పింది, తర్వాత నేను చెప్పాను. అతని ముందు ఇప్పుడు కొత్త కుర్రాళ్ళున్నారని, మూడుసార్లు కింద పడ్డాడని, పడిన ప్రతిసారీ తనను కాపాడలేకపోయినవాణ్ణే ముందు చేయిచ్చి లేపాడని చెప్పాను. ఆమె వింది. ఇక పట్టీ ఎత్తాలి. అది ఎత్తేది ఎప్పుడూ ఆంటీయే. ముగ్గురం కూర్చునే ఉన్నాం, ఎవరం లేవలేదు. చాలాసేపటికి కూతురు లేచి టీవీ దగ్గరకు వెళ్ళింది. ఇందాక గోటితో లాగినచోట కాగితం మూల కొంచెం లేచి ఉంది. దాన్ని బొటనవేలితో అదిమి, మళ్ళీ అంటించింది.