ఓజీట్ వడ్డించిన ఉడుత తల

లఫూర్ష్ బయూ అనే చిత్తడి ఏటి దిగువ సీమలో ఒడిలోన్ నాకేన్ చేతి వంట తినని వేటగాడు లేడని చెప్పుకొనేవారు. వేసవిలో రొయ్యల పడవ, చలికాలంలో చిత్తడి నేల నడుమ గుంజల మీద నిలిపిన వేటపాకలో గరిటె. అదే అతని బ్రతుకు. పరజ పిట్టలను ఉల్లికాడలతో దళసరి ఇనుపకుండలో మగ్గబెట్టినా, మొసలి తోకను ముక్కలు కోసి వేయించినా, కుందేటి మాంసంతో గంబో అనే చిక్కని పులుసు కాచినా, అతనికి అతడే సాటి. నోరు కూడ చేతికి తగినదే. ఒకరి యాసను ఒక్కమారు విన్నాడంటే కన్నతల్లి కూడ పోల్చుకోలేనంతగా అనుకరించగలడు. టెక్సాసు చమురు దొరల సాగతీత, పట్నపు వకీళ్ళ ముక్కుమాట, ఎగువ చెరకు రైతుల గొణుగుడు, అన్నీ అతని నాలుక కొసనే ఉండేవి. భోజనాల వేళ పదిమందిని నవ్వించడం వంటవాని విధులలో ఒకటి అన్నట్టుండేది అతని వ్యవహారం.

అంతటి నోరుగలవాడు సొంత గడప తొక్కేసరికి మూగవాడయ్యేవాడు. భార్య ఓజీట్ అతనితో ఇంగ్లీషు తప్ప మరొక మాట ఆడదు. ఆ ఇంగ్లీషు అతనికి కొత్త చెప్పుల వలె కరిచేది. ఇద్దరికీ తాతలనాటి భాష ఫ్రెంచి. అయినా పెళ్ళయిన మొదటి అక్టోబరు నుండి ఆ భాషలో ఆమె అతనిని ఒక్కమారు పలకరించలేదు. తప్పెవరిదో అతనికి తెలుసు. తెలిసిన కొద్దీ ఆ తప్పును దాటి ఆమెను చేరే దారి పూడుకొనిపోయింది.

ఓజీట్ పడమటి మైదానపు పిల్ల. వరిచేలు, పశువుల మందలు గల సీమ అది. ఎండురొయ్యలు అమ్మబోయిన ఒడిలోన్ ఆమెను అక్కడి డాన్సుహాలులో చూచి, ఏడాది తిరగకుండానే చేసుకొన్నాడు. ఆ మైదానంలో అక్టోబరు తొలి శనివారం ఉడుత వేట మొదలవుతుంది. ఆ నాటికి బడులు కూడ మూస్తారు. మగవారు తెల్లవారకముందే అడవి చేరితే, ఆడవారు పొయ్యి మీద పిండిని నూనెలో నల్లబడనిచ్చి పులుసు సిద్ధం చేస్తారు. కూరలో తల తప్పనిసరిగా ఉండాలి. ఇంటి ఇల్లాలు ఆ తలను తనకు మిక్కిలి ఇష్టులైన వారి పళ్ళెంలో వేస్తుంది. వారు దానిని చెంచా కాడతో పగులగొట్టి లోపలి మెదడు జుర్రుకొంటారు. అంతకు మించిన మర్యాద ఆ సీమలో లేదు.

దిగువ బయూలో మాత్రం ఉడుత తల పీతల వలకు ఎర.

కాపురానికి వచ్చిన ఆ శరత్తులో పుట్టింటివారు పంపిన ఉడుతలను ఓజీట్ వండింది. బల్ల చుట్టూ అత్తగారు, మరుదులు కూర్చొని ఉన్నారు. కొత్త కోడలు అన్నిటిలోకి పెద్దతల ఏరి మగని పళ్ళెంలో వేసి, సిగ్గుపడుతూ, తన ఊరి తీరున మాటను దీర్ఘంగా లాగి అన్నది:

"మాం... జ్, ఒడిలో... న్!"

తినమని అర్థం. దిగువ సీమవారి నోట ఆ మాట చివర 'జ' నిలువదు. ఊపిరి విడిచినట్టు 'హ' అయి, పొట్టిగా, "మాంహ్" అని తెగిపోతుంది. ఒడిలోన్ లేచి నిలుచున్నాడు. రెండు అరచేతులు నోటికి అడ్డుపెట్టి, ఆమె గొంతునే గొంతులోకి తెచ్చుకొని కిటికీ వైపు అరిచాడు.

"మాం... జ్! రావే ఎర్రావూ, రా! ఏమర్రా, మా ఆవిడ పిలిచింది నన్నా, వాళ్ళ నాన్న దొడ్లో గొడ్లనా?"

"గొడ్లనేరా అన్నయ్యా! చూడు, కుడితి కూడా పోసింది!" అన్నాడు తమ్ముడు ఆడ్రాస్.

బల్ల అదిరేటట్టు నవ్వారు. ఆ నవ్వు ఒడిలోన్ తలకెక్కింది. ఫోర్కుతో తలను గుచ్చి పైకెత్తి, "అమ్మా, ఇది పీతలకా, నాకా?" అని, తల్లి నవ్వు ఆపుకొనేలోగా కిటికీలోనుండి బయూలోకి విసిరివేశాడు.

ఓజీట్ అందరికీ వడ్డించింది, గిన్నెలు కడిగింది. మరునాటి ఉదయం కాఫీ ముందు పెట్టి, బడిలో నేర్చిన ఇంగ్లీషులో, "చల్లారిపోతుంది, తాగు" అన్నది.

"ఇదేం వేషమే?" అని అతడు నవ్వాడు.

"ఈ భాషలో నేనెట్లా మాట్లాడినా నీకు నవ్వు రాదు. నీకీ భాష రాదు కనక."

వారం రోజుల అలక అనుకొన్నాడు. తరువాత తానే మాట కలపడం చిన్నతనమనిపించింది. ఆ తరువాత పిల్లలు పుట్టారు. వారికి ఫ్రెంచి ఎందుకు రాదని ఎవరైనా అడిగితే, "బడి కోసంలే" అని తప్పించుకొనేవాడు. అతడు ఇంగ్లీషులో తడబడి నానా తప్పులు పలికినా ఓజీట్ ఒక్కనాడూ నవ్వలేదు. అదే అతనికి ముల్లై గుచ్చుకొనేది. అత్తగారికి ఇంగ్లీషు రాదు కనుక వంటింట్లో ఆమెతో ఓజీట్ కు ఫ్రెంచి మాట్లాడక తప్పేది కాదు. అయినా ఒడిలోన్ అడుగుల చప్పుడు వింటే గిన్నెల మోతే తప్ప మాట వినిపించేది కాదు. అత్తగారు పోయిన పిదప ఆ మాటలూ లేవు. మిగిలినది ఆదివారం ఫోను. ఓజీట్ చెల్లెలు మర్సెలీత్ తో మాట్లాడటానికి ఫోను వెనుక వసారాలోకి తీసుకొనిపోయి తలుపు వేసుకొనేది. ఒడిలోన్ ఏదో వెదుకుతున్నట్టు తలుపు ఇవతల తచ్చాడేవాడు. మాటలు తెలిసేవి కావు, గుసగుస మాత్రమే. ఆ మైదానపు సాగతీత ఆ తలుపు వెనుక ఇంకా బ్రతికి ఉన్నదని అతని నమ్మకం. ఆ నమ్మకంతోనే ముసలివాడయ్యాడు.

ఒక ఏడాది వేసవిలో ఓజీట్ గుండె బలహీనపడిందని డాక్టరు చెప్పాడు. ఒడిలోన్ కు ఒకటే దిగులు పట్టుకొన్నది. ఆ నోట ఆ మాట మరొక్కమారు తన కోసం రావాలి. అక్టోబరు రాగానే ఇంట్లో చెప్పకుండా మైదానానికి ప్రయాణమయ్యాడు.

"ఏం బావా, దారి తప్పావా? మావైపు రొయ్యలు చెట్లెక్కవే!" అన్నది మర్సెలీత్.

"ఉడుతలు కావాలి మరదలా. వండటం కూడా చూపించు."

"చాల్లే, దిగువ బయూ మొత్తానికీ వంటవాడివి! నీకు నేను చూపించేదేంటి?"

"తల వండటం నాకు రాదు."

ఆమె నవ్వు ఆగింది. పొయ్యి వెలిగించింది. పిండి ఎర్రబడగానే అతడు కుండ దించబోతే చేతి మీద కొట్టింది. "ఆగు! మీవాళ్ళంతా ఇంతే, మాడుతుందని భయం. కాఫీ డికాషన్ రంగు రావాలి. కలుపుతూనే ఉండు, వదిలావో పోయింది."

కలుపుతూ అతడు అడిగాడు. "ఫోనులో మీ అక్క... ఇప్పటికీ అట్లాగే మాట లాగుతుందా?"

మర్సెలీత్ ముఖం కుండ వైపు తిప్పుకొన్నది. "ఇంటికెళ్ళి వండి పెట్టు బావా. అక్కే చెబుతుంది."

ఆదివారం మధ్యాహ్నం అతడు వండాడు. పిండి నల్లబడేదాకా కుండ దగ్గరనుండి కదలలేదు. ఓజీట్ వాసన పసిగట్టి వంటింటి ద్వారంలో కొంతసేపు నిలబడి, వచ్చి బల్ల దగ్గర కూర్చొన్నది. అన్నం మీద పులుసు పోసి, పెద్దతల ఏరి ఆమె పళ్ళెంలో పెట్టాడు. ఆమె యాసలో అనగల నేర్పు అతనికి ఉన్నది. ఆ నేర్పే కొంప ముంచినది కనుక సొంత యాసలోనే, మెల్లగా అన్నాడు.

"మాంహ్, ఓజీట్."

ఆమె ఉడుత తల వంకా, మగని వంకా చూచింది. "తలలు పీతలకి కదా?" అన్నది ఇంగ్లీషులో.

"పీతలు తిన్నది చాలు," అన్నాడతడు ఫ్రెంచిలో.

ఆమె చెంచా తిరగేసి కాడతో కొట్టింది. చేతిలో బలం లేక రెండు మూడుమార్లు కొట్టవలసి వచ్చింది. లోపలిది సగం తిని, సగం ఉన్న పుర్రె చిప్పను అతని పళ్ళెంలోకి జరిపింది.

"మాంహ్, ఒడిలోన్."

సాగతీత లేదు. 'జ' లేదు. అది అతని తల్లి గొంతు, రొయ్యల రేవులో ఆడవారి గొంతు.

"ఓజీట్, మీ ఊరి మాట..."

"ఎక్కడుంది?" అన్నదామె, అదే దిగువ యాసలో. "మీ అమ్మ పక్కన నిలబడి అన్నేళ్ళు వండితే మీ అమ్మ మాటే పట్టుకుంది. మర్సెలీత్ ఫోనులో విని పడీ పడీ నవ్వింది. 'పడవలోంచి మాట్లాడుతున్నావటే, రొయ్యలదానా' అంది. అప్పట్నుంచి దానితోనూ ఇంగ్లీషే."

తలుపు వెనుక ఇన్నేళ్ళు తాను చెవులు రిక్కించి విన్న గుసగుస ఇంగ్లీషు!

ఓజీట్ ముందుకు వంగింది. "నీకు వచ్చుగా. ఆ రోజు అన్నావు. నేనెట్లా అనేదాన్నో మరిచిపోయా. ఒకసారి అను, వింటా."

ప్రపంచంలోని యాసలన్నీ నాలుక మీద ఆడించినవాడు ఆ ఒక్క మాట కోసం గొంతు సవరించుకొన్నాడు. వెక్కిరింత అంటకుండా, తొలినాటి ఆ సిగ్గును ఎక్కడినుండైనా వెదికి తేవాలని కళ్ళు మూసుకొన్నాడు.

"మాం... జ్, ఒడిలో... న్."

ఆమె తల ఒక ప్రక్కకు వంచి శ్రద్ధగా విన్నది. తరువాత మెల్లగా తల అడ్డంగా ఊపింది.

"కాదు. అది ఆవుల్ని పిలిచినట్టుంది."

ఇద్దరూ నవ్వలేదు. ఒడిలోన్ చిప్పను చేతిలోకి తీసుకొని, ఆమె మిగిల్చిన సగం తిన్నాడు. మెత్తగా, కమ్మగా ఉన్నది. ఇంతకాలం వేటపాకలో ఎన్ని తలలను నీళ్ళపాలు చేశాడో తలపుకు వచ్చి, పళ్ళెంలోని అన్నం ముట్టక కూర్చొన్నాడు.

"తిను," అన్నది ఓజీట్, అతని తల్లి గొంతుతో. "చల్లారిపోతుంది."