తూము దగ్గర కేక

తూమాయనకు కోపం ముక్కు మీదే ఉంటుంది. వంతుల ప్రకారం కాలువకు నీళ్ళు వదలడం ఆయన పని. వంతుకూ వంతుకూ మధ్య కాలువ ఎండి ఉంటుంది కదా, పొలాల్లో పనిచేసేవాళ్ళకు అదే దగ్గర దారి, దాని మీది కల్వర్టే నీడ. అన్నాలు తినేది ఆ కల్వర్టు కిందే, కాస్త నడుం వాల్చేదీ అక్కడే. అందుకని తూము తలుపు ఎత్తే ముందు ఆయన గట్టు మీద నిలబడి గొంతు చించుకునేవాడు.

"దుక్కోళ్ళూ! నాట్లోళ్ళూ! కలుపోళ్ళూ! మోతోళ్ళూ! కావలోడా!"

పిలిచిన ప్రతి జట్టూ "ఆఁ, వస్తున్నాం" అని పలకాలి, పలికాక గట్టెక్కాలి. పలికినవాళ్ళు ఎక్కేదాకా చక్రం మీద చెయ్యి వెయ్యకూడదు. ఆయన తండ్రి నాటి కట్టుబాటు అది. వాళ్ళ పేర్లు ఆయనకు తెలియక కాదు. పేరు పెట్టి పిలిస్తే ఒక్కడే లేస్తాడు, పని పెట్టి పిలిస్తే జట్టంతా లేస్తుంది. ఇంట్లోనూ అదే అలవాటు. "వంటావిడా, అన్నం పెట్టు" అంటే, "ఏం తూమాయనా, నాకు పేరు లేదా?" అని భార్య కసిరేది. ఆవిడ పోయాక కూతురే తండ్రి వెంట ఉండి చక్రం తిప్పడం నేర్చుకుంది.

కోతలయ్యాక పొలాల్లో రాలిన వెన్నులు ఏరుకోవడానికి ఒకామె వచ్చేది. భుజాన గోనెసంచి, వెనకా ముందూ ఎవరూ లేని మనిషి. పరిగె ఏరుకునేది కనుక పరిగెమ్మ అనేవాళ్ళు. ఒకరోజు ఆమె తూము గది ముందుకొచ్చి నిలబడింది. ఆయన చక్రానికి గ్రీజు పూస్తున్నాడు.

"అన్నా, నన్ను కూడా ఒక కేక వెయ్యరాదూ? అందరితో పాటు నేనూ లేస్తాను."

"నిన్నా? నిన్ను పనిలో పెట్టుకున్నదెవరు? రాలింది ఏరుకోవడం, అదీ ఒక పనేనా? ఏమని పిలవమంటావు?"

గట్టు మీద ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది, పాపం. నవ్వక ఏం చేస్తుంది?

తర్వాతి వంతుకు ఆయన ఎప్పటిలాగే కేకలు వేశాడు. జట్లన్నీ పలికాయి, ఎక్కాయి. చక్రం తిప్పాడు. కల్వర్టు కింద పరిగెమ్మ నిద్రపోతోందని ఎవరికీ తెలియదు. పొద్దుటి నుంచి వంగి వంగి అలిసిపోయిన ప్రాణం. కలుపోళ్ళన్న కేక ఆమెది కాదు, మోతోళ్ళన్న కేకా ఆమెది కాదు. ఎవరినో పిలుస్తున్నారులే అనుకుని అటు తిరిగి పడుకుందో ఏమో. సాయంత్రం దిగువన ముళ్ళకంపకు చిక్కుకుని దొరికింది. గోనెసంచి ఇంకా భుజానే ఉంది.

ఆయన్ని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. "నీ తప్పేముంది, అందరినీ పిలిచావుగా" అన్నారు. ఆ 'అందరినీ' అన్న మాటే ఆయన్ని కొరుక్కు తింది.

ఆ పై వంతుకు కేకలన్నీ వేసి, ఆఖరున "పరిగెమ్మా!" అని పిలిచాడు. పిలవకుండా ఉండలేకపోయాడు.

"ఆఁ, వస్తున్నానన్నా," అని కల్వర్టు కింద నుంచి వినిపించింది.

ఆయన కూతురి వైపు తిరిగి "విన్నావా?" అన్నాడు.

"ఏం వినాలి నాన్నా?"

దిగి చూశాడు. ఎండిన బురద తప్ప ఏమీ లేదు. పైకొచ్చి మళ్ళీ పిలిచాడు. మళ్ళీ అదే గొంతు, అదే మర్యాద. పలికిన మనిషి మాత్రం గట్టెక్కలేదు. మరి చక్రం ఎలా తిప్పుతాడు? తిప్పలేదు. కూతుర్నీ తిప్పనివ్వలేదు.

ఆ వంతు కాస్తా పోయింది. రెండో పంటకు పోసిన నారుమళ్ళు నెర్రెలిచ్చాయి. రైతులు ఒంటికాలి మీద లేచారు. కాలువ మేస్త్రీ వచ్చి తేల్చి చెప్పాడు. "రేపు మధ్యాహ్నం నీళ్ళు వదలకపోతే ఎగువ తూము వాణ్ణి తెచ్చి ఇక్కడ పెడతాను. వాడు కేకలూ గీకలూ వెయ్యడు. టైముకు తలుపెత్తుతాడు, అంతే."

తూమాయనకు ఏం చెయ్యాలో పాలుపోలేదు. తిప్పితే, పలికిన మనిషిని రెండోసారి ముంచినట్టు. తిప్పకపోతే నారు మాడిపోతుంది, ఆపైన కేక వెయ్యనివాడు వస్తాడు. ఇక కల్వర్టు కింద కునుకు తీసే ప్రతివాడి ప్రాణమూ గాలిలో దీపమే.

మర్నాడు మధ్యాహ్నం గట్టంతా జనం. జట్లు పలికాయి, ఎక్కాయి.

"పరిగెమ్మా!"

"ఆఁ, వస్తున్నానన్నా."

ఆయన చక్రం కూతురికి అప్పగించి, "నేను చెప్పేదాకా దాన్ని ముట్టుకోకు," అని మోకాళ్ళు పట్టుకుంటూ కాలువలోకి దిగాడు. "ముసలాయనకు మతి పోయింది," అని మేస్త్రీ వెనక నుంచి గొణిగాడు.

కల్వర్టు కింద చల్లగా, చీకటిగా ఉంది. ఆయన కూలబడ్డాడు. ఏడుపే ముందొచ్చింది.

"తప్పయిపోయింది తల్లీ. పొద్దస్తమానం నడుం విరిగేలా వంగి చేసేదాన్ని పని కాదన్నాను. నీళ్ళొచ్చేస్తాయి, రా."

"వస్తున్నాననే అంటున్నాగా," అంది గొంతు, చెవి పక్కనే. "నువ్వు కేక వేసి ఊరుకుంటావు. ఈ గట్టు జారుతుందన్నా. వాళ్ళంటే జట్టుగా ఉంటారు, ఒకరికొకరు చెయ్యిచ్చుకుని ఎక్కుతారు. నాకు జట్టేది?"

ఆయన చీకట్లోకి చెయ్యి చాపాడు. చల్లటి వేళ్ళు వచ్చి అరచేతిని పట్టుకున్నాయి. వెన్నులు ఏరి ఏరి పగిలిన వేళ్ళు, గరుగ్గా ఉన్నాయి. ఆయనకు చెప్పలేనంత భయం వేసింది. అయినా వదల్లేదు. ఒక చేత్తో గడ్డి దుబ్బులు పట్టుకుని, రెండో చెయ్యి వెనక్కి చాపి, రొప్పుతూ గట్టెక్కాడు. జనం పక్కకు తప్పుకున్నారు. మేస్త్రీ కూడా దారిచ్చాడు.

పైకి చేరాక కాలువకేసి తిరిగి "పరిగెమ్మా!" అని ఇంకొక్కసారి కేక వేశాడు. కల్వర్టు కింద నుంచి ఏ సడీ లేదు. చేతిలో బరువు మాత్రం అలాగే ఉంది.

కూతురు చక్రం దగ్గరి నుంచే అడిగింది. "ఎవరి చెయ్యి పట్టుకున్నావు నాన్నా?"

"మన పనోళ్ళలో ఒకామెదమ్మా," అన్నాడు. "అందరూ ఎక్కేశారు. తిప్పు."