సహరీ తిని వచ్చిన ఖైరున్ బీ

ఖైరున్ బీ ఆ రోజు తెలియక తిని వచ్చిందా, భయంతో తిని వచ్చిందా? నాకు ఇప్పటికీ తెలియదు.

బందరులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి బీపీ చూపించుకోవడానికి వెళ్లాను. పక్క కుర్చీలో ఆమె. యాభై అయిదేళ్లుంటాయి. చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ కమ్మలకు రాళ్లు అతికే పని, ముప్పై ఏళ్లుగా అదేనట. మూడు నెలల నుంచి ముద్ద సరిగా గొంతు దిగడం లేదని, ఆ పొద్దున గొట్టం వేసి చూస్తామన్నారని చెప్పింది.

"మా ఆయన నాగుల్ మీరాకీ ఇక్కడే వేశారండీ. 'లోపల నీ చేపల పులుసు తప్ప ఏం దొరుకుద్దే' అని నవ్వుతా వెళ్లాడు."

ఆ పరీక్షలో బయటపడిన జబ్బుతోనే నాలుగు నెలల్లో పోయాడట.

"మరి మీతో ఎవరొచ్చారమ్మా?"

"చెప్తే వస్తారండీ. ఎవరికీ చెప్పలేదు."

నేను చదివే కళ్లజోడు మరిచి వచ్చాను. ఊరికే కూర్చోలేక, గోడ మీద అంటించిన కాగితం చదవమని అడిగాను. "పరీక్షకు ముందు రాత్రి పది దాటాక ఏమీ తినరాదు" అని చదివి ఆగిపోయింది. కింద ఇంకా రెండు వరుసలు మసకగా కనిపిస్తున్నాయి. చదవలేదు.

నర్సు ఇంద్రజ ఫారం తెచ్చి, తోడు వచ్చినవాళ్లు సంతకం పెట్టాలంది. ఖైరున్ బీ నా వంక చూసింది.

"అన్నయ్యగారూ, మీరు పెడతారా?"

సంబంధం అన్న చోట నర్సు వేలు పెట్టి చూపిస్తే 'అన్న' అని రాశాను. నా వెంట కూడా ఎవరూ రాలేదు. ఆ మాట రాయడం బాగుంది.

లోపలికి తీసుకెళ్లారు. తలుపు సగమే వేశారు.

"ఆఖరున ఎప్పుడు తిన్నారండీ?"

"నాలుగున్నరకమ్మా. రోజా ఉపవాసానికి సహరీ తిన్నట్టు, తెల్లారకముందే. ఆ తర్వాత ఉమ్మి కూడా మింగలేదు."

"పరగడుపున రమ్మంటే రోజా ఉన్నారా పిన్నిగారూ? పొట్టలో అన్నం పెట్టుకునొస్తే గొట్టం ఎలా వేస్తాం?"

"పొద్దున్నుంచీ ఏం తినొద్దన్నారుగా. ఊహ తెలిసిన కాణ్ణుంచీ నాకు తెలిసింది ఇదే."

రెండింటికి వేస్తామని బయట కూర్చోబెట్టారు. ఆమె ముఖం తేలికపడింది.

"రెండింటిదాకా ఉంటారా అన్నయ్యగారూ?"

"ఉంటానమ్మా."

ఇంతలో నన్ను పిలిచారు. పది నిమిషాల్లో తిరిగి వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. ఇంద్రజ చేతిలో నేను సంతకం పెట్టిన ఫారం.

"మీ చెల్లెలు ఏరండీ?"

కిటికీ దగ్గరకు వెళ్లాను. రోడ్డుకు అవతల చిలకలపూడి షేర్ ఆటోలో ఆమె ఎక్కుతోంది. చెయ్యెత్తాను. కొంగు తల మీదకు లాక్కుని, సంచి ఒళ్లో పెట్టుకుంది. ఆటో కదిలింది. ఇటు చూడలేదు.