పాట నంబరు ఒక్కటే

దినపత్రిక జిల్లా ఎడిషన్లో పన్నెండేళ్లు పేజినేటర్‌గా పనిచేసి, 2004 వేసవిలో రాజమండ్రి కోటిపల్లి బస్టాండు దగ్గర ఒక డీటీపీ సెంటర్లో చేరాను. పేజినేటర్ అంటే వార్తలనూ ఫొటోలనూ పేజీలో అమర్చేవాడు. కొత్త చోట నాకు మొదట అప్పజెప్పిన పని, ఆత్రేయపురం వైపు ఒక పల్లెలోని చర్చికి ఆరాధన పాటల స్లైడ్లు చేయడం. వాళ్లు అప్పుడే ప్రొజెక్టరు కొన్నారు.

ప్రతి పాటకూ ముందు ఒక టైటిల్ స్లైడు, తర్వాత చరణాలు. ఫాంటు లేని కంప్యూటర్లో తెలుగు అక్షరాలు చెదిరిపోతాయి గనుక ప్రతి స్లైడునూ బొమ్మగా మార్చి సీడీలో ఇచ్చేవాళ్లం. వార్తలో ముఖ్యమైనదంతా మొదటి పేరాలోనే ఉండాలని పత్రికలో నేర్చుకున్నాను. అదే పద్ధతిలో టైటిల్ స్లైడు మీదే పాట నంబరు, పల్లవి మొత్తం, వెనక గోదావరి మీద సూర్యోదయం పెట్టాను.

అచ్చయిన పేపరు పొద్దున్నే చూసుకునే అలవాటు కొద్దీ ఆ ఆదివారం చర్చికి వెళ్లాను. తెల్లగోడ మీద అక్షరాలు చక్కగా పడ్డాయి. పడీ పడగానే వెనక వరసలోని కుర్రాళ్లు పాట అందుకున్నారు. చాపల మీద కూర్చున్న ఆడవాళ్లు వేరే శ్రుతిలో మొదలుపెట్టారు. డోలక్ ఎవరి వెంట వెళ్లాలో తెలియక ఆగిపోయింది. ముందు వరసలో ఒక పెద్దావిడ సగం లేచి, నోరు తెరిచి, మళ్లీ కూర్చుంది.

ఆవిడ పేరు సువార్తమ్మ. ఆ చర్చిలో ముప్పై ఏళ్లుగా పాట ఎత్తేది ఆవిడేనని తర్వాత తెలిసింది. ఆరాధన అయ్యాక డోలక్ వాయించే ఏసురత్నం నవ్వుతూ, “పెద్దమ్మా, ఇంక నీకు రిటైర్‌మెంటే” అన్నాడు.

“పింఛను నువ్విస్తావేంట్రా? ముందు నీ డోలక్కి తాళం నేర్పు” అని, ఆవిడ నా వైపు తిరిగింది. “అక్షరాలు బాగున్నాయి బాబూ. నాకు చదువు రాదుగానీ బొమ్మ బాగుంది. ఇంక నేను కూర్చునే పాడుకుంటాను.”

నవ్వుతూనే అంది. కానీ పాటల పుస్తకాన్ని చీర కొంగులో చుట్టేసుకుంది. చదవడం రాని మనిషికి పుస్తకం ఎందుకని పాస్టర్ గారిని అడిగాను.

ఆయన చెప్పినదాన్ని బట్టి, నంబరు చెప్పగానే అందరూ పేజీలు తిప్పుతారు. ఆ కాసేపట్లో సువార్తమ్మ పుస్తకం చేత్తో పట్టుకుని, లోలోపల శ్రుతి వెతుక్కుని, లేచి పల్లవి ఎత్తుతుంది. చదువు రానివాళ్లు ఆవిడ నోరు చూసి పాడతారు. పేజీలు తిప్పే ఆ వ్యవధిని నా టైటిల్ స్లైడు మింగేసింది.

మర్నాడు స్లైడ్లన్నీ మార్చాను. ముదురు నీలం మీద తెల్లగా పాట నంబరు ఒక్కటే. పల్లవిని రెండో స్లైడుకు జరిపాను. కంప్యూటరు దగ్గర కూర్చునేది పాస్టర్ గారి భార్య. ఆ పాస్టరమ్మగారికి ఒక కాగితం రాసిచ్చాను: సువార్తమ్మ గారు పల్లవి ఒకసారి ముగించేదాకా మీట నొక్కవద్దు.

“అంత ఖాళీగా ఉంటే పని సగంలో వదిలేశారనుకుంటారేమోనండి” అన్నారు పాస్టర్ గారు. ఒక్క ఆదివారం చూడమన్నాను.

ఆ ఆదివారం గోడ మీద నంబరు పడింది. పేజీల చప్పుడు లేదు. సువార్తమ్మ తొందరపడలేదు. పుస్తకం గుండెకు ఆనించుకుని లేచి, సన్నగా, కొంచెం వణుకుతూ పల్లవి ఎత్తింది. డోలక్ కలిసింది. అప్పుడు పాస్టరమ్మగారు మీట నొక్కారు. పల్లవి రెండోసారి చర్చి మొత్తం పాడింది, ఒకే శ్రుతిలో.

తర్వాత చాలా చర్చిలకు టైటిల్ స్లైడ్లు చేశాను. అక్షరాలు అడుగు పెట్టేచోట అంతకుముందే ఎవరో ఒకరు పనిలో ఉంటారని నాకు అక్కడ తెలిసింది. అందుకే రంగులూ బొమ్మలూ అడిగేముందు ఒకటి అడిగేవాణ్ణి: మీ దగ్గర పాట ఎవరు ఎత్తుతారండి?