అంగడి కింది గోడలో నా చెయ్యి

నా చిన్నప్పుడు బళ్ళారిలో నీళ్ళు రావడం లేదని ఏడ్చేవాళ్ళే తప్ప, నీళ్ళు వస్తున్నాయని ఏడ్చేవాళ్ళు ఉండేవాళ్ళు కారు. మా ఇంట్లో మాత్రం ఆ రెండో ఏడుపు ఉండేది. బజారులో వాళ్ళకు అదొక వేడుక. "నీకేమప్పా, గోడలోనే గంగమ్మ ఉండాది" అని మా నాన్నను ఆటపట్టించేవాళ్ళు. ఆయన పైకి నవ్వి లోపల ఉడికిపోయేవాడు. నేను గొప్పలు చెప్పుకునే మనిషినని మా ఇంట్లో పేరు. అది నిజమే, కాదనను. కానీ ఇప్పుడు చెప్పబోయే గొప్ప మాత్రం ఎవరికి కావాలన్నా గోడ మీద చూపించగలను.

మాది కిరాణా అంగడి. తాత కట్టిన పాత మిద్దెలో ముందు భాగం పడగొట్టి, నాన్న అక్కడ కొత్తగా కాంక్రీటు కట్టడం లేపాడు. కింద నేలమాళిగ, పైన అంగడి. ఆ నేలమాళిగను వచ్చినవాళ్ళకల్లా దిగి చూపించుకున్నాడు. రెండో వానాకాలం రాకముందే పక్క సందు వైపు గోడకు నెర్రె పడింది. పైనుంచి వంకరగా దిగి, మెట్ల కిందికి దూరి, నేలను తాకేది. వాన పడితే చాలు, రోడ్డు మీద ఖనిజం లారీలు పోసిన ఎర్రదుమ్మంతా కలుపుకుని నీళ్ళు అందులోంచి ఊరేవి.

దానికి నాన్న దగ్గర ఒకటే మందు. ఏటా దసరా ముందర బేల్దారిని పిలిపించి నెర్రె మీద సిమెంటు పూయించేవాడు, దాని మీద సున్నం కొట్టించేవాడు. దసరాకు అంగడి పూజకు బజారు పెద్దలంతా వస్తారు కదా, వాళ్ళ కంటికి గోడ తెల్లగా కనపడాలి. అంగడివాళ్ళ బుద్ధి అంతే, ముందు వరస నిగనిగలాడితే వెనక సంగతి తర్వాత. పూజ అయ్యాక ఒక్క వాన పడితే ఆ పూత పెచ్చుపెచ్చుగా ఊడి నేల మీద కూర్చునేది.

ఇక మా అత్త. నాన్నకు చెల్లెలు. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే "కుట్టు మిషన్‌తో అయిపోయింది కదా" అనేది. పాత మిద్దె వసారాలో వీధి ఆడపిల్లలకు కుట్టు నేర్పేది. వసారా ఇరుకు. గుడ్డ పరిస్తే మనిషికి చోటుండదు, మనిషి కూర్చుంటే గుడ్డకు చోటుండదు. నేలమాళిగ నాకివ్వు అన్నా అని అత్త ఎప్పటినుంచో అడుగుతూ ఉంది. ఆ ఏడాది చక్కెర మూటలు తడిసి ముద్దయ్యాయి. నాన్నకు విసుగు పుట్టింది. "సాకు, చాలింక! దసరా లోపల ఈ గోడ ఆరకపోతే మన్ను పోయించి గదే మూసేస్తా" అన్నాడు.

"ఆరితే నాకిస్తావా?" అంది అత్త.

"ఆరితే తీసుకో పో" అన్నాడు నాన్న, ఎలాగూ ఆరదనే ధైర్యంతో. మళ్ళీ బేల్దారిని పిలవనా అని కూడా అడిగాడు. అత్త వద్దంది. "ఆయప్పది ఏం తప్పు లేదన్నా. పైన పూయమంటే పూస్తాడు. పూయమని చెప్పేదే తప్పు" అని చీర కొంగు నడుముకు దోపుకుంది. నేను అత్త తోకను. బడికి సెలవులు కూడా. ఇంకేం కావాలి?

అత్త మొదట గోడ జోలికే పోలేదు. అంగడిలోంచి తెల్లబట్టలకు పెట్టే నీలిమందు తెచ్చి బకెట్టు నీళ్ళలో కలిపింది. నన్ను టార్చి ఇచ్చి కింద కూర్చోబెట్టి, తను సందులో గోడ అడుగున ఒక్కోచోట ఒక్కో చెంబు పోస్తూ వచ్చింది. పోసినప్పుడల్లా పైనుంచి "వస్తాందా?" అని అరిచేది, నేను కిందనుంచి "రాలే!" అని అరిచేదాన్ని. చివరికి మిద్దె మీది వాన నీళ్ళు దూకే గొట్టం కింద పోసింది. కాసేపటికి ఎర్రమరకల మధ్య సన్నగా ఒక నీలం దారం దిగింది. నా అరుపుకు అంగడిలో బేరమాడుతున్నవాళ్ళు తూకం వదిలేసి పరుగెత్తుకొచ్చారట. ఆ సాయంత్రమే అత్త నిచ్చెనెక్కి రేకు వంచి కట్టి, గొట్టం నీళ్ళు నేరుగా మోరీలో పడేటట్టు చేసింది. ధార తగ్గింది కానీ, నానిపోయిన సందు మట్టిలోంచి ఊట మాత్రం ఆగలేదు.

అప్పుడు మా అవ్వ, అంటే నాన్న తల్లి, రంగంలోకి దిగింది. "మీ నాయన ఈ పాత మిద్దెకు సున్నంలో బెల్లం నీళ్ళు పోయించినాడే. చూడు, ఈ పొద్దుకీ మేకు దిగదు. నీ సిమెంటుకు కూడా పొయ్యి" అంది. అంగడి మనది, బెల్లం మనది, మాట పెద్దామెది. నేను, అత్త మంచి అచ్చుబెల్లం ఏరి, కరిగించి, వడగట్టి సిమెంటులో కలిపి, నెర్రె పొడవునా మెత్తాము. కోమటింటి ఆడవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేని పని. మర్నాడు దిగి చూస్తే అది చింతపండు గుజ్జులాగా జారుతూనే ఉంది. పైగా చీమలు బారులు కట్టాయి. సున్నానికి చుట్టమైన బెల్లం సిమెంటుకు పగ అని మాకేం తెలుసు! నాన్న కడుపు పట్టుకుని నవ్వాడు. "గోడకు పాయసం పెట్టినారు, గంగమ్మ యాడికి పోతాదింక?" అన్నాడు. అత్త కూడా నవ్వింది కానీ, అటు తిరిగి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. అత్త కళ్ళల్లో నీళ్ళు చూడటం నాకదే మొదలు. నా ఒళ్ళు మండిపోయింది.

ఆ మధ్యాహ్నం అత్త వంటింట్లోంచి కొబ్బరి చిప్పలన్నీ పోగేసింది. "బెల్లం చెడగొట్టిందంటే, బాగు చేసేది కూడా మన అంగట్లోనే ఉండాల మే" అంది. ఒక చిప్పలో వట్టి సిమెంటు, ఒకదాంట్లో ఉప్పు కలిపింది, ఒకదాంట్లో సున్నం, ఒకదాంట్లో బట్టల సోడా. కలిపిందేదో మరిచిపోకుండా ఒక్కో చిప్ప ముందు ఆ సరుకు చిటికెడు పెట్టాము. కలపడానికి నేను అవ్వ ఇత్తడి గరిటె ఎత్తుకొచ్చాను. సోడా చిప్ప దగ్గరకొచ్చి రెండు తిప్పులు తిప్పానో లేదో, గరిటె తిరగనంది. లాగితే చిప్పతో సహా లేచింది! వేలితో ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంది, కాసేపటికి ఆ వేలు చుర్రుమంది. అవ్వ గరిటె కోసం లబోదిబోమంటుంటే, అత్త "నీళ్ళు తోసేలోపలే గట్టిపడేది దొరికింది మే!" అని నన్నెత్తుకుని గిరగిరా తిప్పింది. ఆ గరిటెను మేము చివరిదాకా విడిపించలేకపోయాము. చిప్పతో పాటే ఇప్పటికీ అటక మీద ఉంది.

వేలు చుర్రుమన్నది కదా, అత్త అంతా కుట్టుతోనే ఆలోచించే మనిషి. బడి సంచులకు వాడగా మిగిలిన రెక్సిన్ ముక్కలతో తనకో జత, నాకో జత చేతి తొడుగులు కుట్టింది. తర్వాత ఉలి, సుత్తి తీసుకుని నెర్రె వెంబడి కొట్టడం మొదలుపెట్టింది. లోపల వెడల్పు, పైన నోరు సన్నం, కుండ మాదిరి. ఆ చప్పుడుకు నాన్న పరుగున దిగాడు. "ఏంది మే, పూడుస్తావనుకుంటే ఇంకా పెద్దది చేస్తాండావు?" అన్నాడు. అత్త తల తిప్పకుండానే, "చినిగిన చోట పీచులు కత్తిరించకుండా మాసిక వేస్తే నిలుస్తాదా అన్నా?" అంది. నేను బ్రష్షుతో దుమ్మంతా కడిగాను.

పూజ ముందురోజు పొద్దున్నుంచే వాన పట్టుకుంది. వాన కాదు, మా నాన్న నోటి మాట నిజం చేయడానికి వచ్చినట్టు కురిసింది. అత్త సోడా సిమెంటు పిడికెడు పిడికెడు కలిపి, పైనుంచి కిందికి నెర్రెను మూసుకుంటూ వచ్చింది. పైన మూసేకొద్దీ నీళ్ళన్నీ కిందికి చేరి, మెట్ల కింద ఊటబుగ్గలాగా తన్నుకొచ్చాయి. అక్కడ పెట్టిన ముద్ద పెట్టినట్టే బయటికి నెట్టేశాయి. ఆ చోటు మెట్లకూ గోడకూ మధ్య సందు, అత్త వేళ్ళు దూరతాయి కానీ అరచెయ్యి ఆనించి అదమడానికి చోటు లేదు. నాన్న మెట్ల మీద నిలబడి చూస్తున్నాడు.

అత్త కాసేపు గొంతుక్కూర్చుని ఆ నీళ్ళకేసి చూసింది. తర్వాత అంగడిలో కిరసనాయిలు తోడే రబ్బరు గొట్టం ముక్క తెప్పించింది. "నీళ్ళతో కొట్లాడొద్దు పాపా. ముందు ఒక దారి ఇయ్యి. అన్నీ ఆ దారికే వస్తాయి. ఆమీట ఒక్క చెయ్యి చాలు" అంది. నా చేత ఆ గొట్టాన్ని రంధ్రంలో పెట్టించి, చుట్టూ ముద్దలు అదిమించింది. నిజంగానే నీళ్ళన్నీ బుద్ధిగా గొట్టంలోంచి బకెట్టులోకి పడ్డాయి. చుట్టూ పెట్టిందంతా గట్టిపడింది. మిగిలింది ఒక్క గొట్టం రంధ్రం. అత్త చివరి ముద్ద కలిపి నా తొడుగు చేతిలో పెట్టింది. గొట్టం లాగడం, ముద్ద పెట్టి అదమడం, రెండూ ఒకే ఊపులో జరగాలి.

లాగాను, పెట్టాను. లోపలినుంచి ఎవరో వేలితో నా అరచేతిని పొడుస్తున్నట్టే ఉంది. చల్లటి నీళ్ళు మణికట్టు మీదుగా కారాయి. చెయ్యి నొప్పి పుట్టింది, ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. అత్త తడి నేల మీద పక్కకు పడుకుని, నా మోచెయ్యి కింద తన చెయ్యి ఆనించి, "తీయొద్దు. వెచ్చగయ్యేదాకా తీయొద్దు తల్లీ" అంటూనే ఉంది. ఎంతసేపో తెలియదు. ఉన్నట్టుండి రెక్సిన్ లోపల అరచేతికి వెచ్చగా తగిలింది. పొడవడం ఆగిపోయింది. బయట వాన అలాగే కురుస్తోంది. లోపల చుక్క లేదు.

మర్నాడు అవ్వ గోడకు సున్నం కొట్టించమంది. అత్త ఒప్పుకోలేదు. "కనపడనీమ్మా" అంది. మా అంగడిలో గోడకు సున్నం లేని దసరా అదే మొదటిది. నాన్న పూజకు ముందు ఒక్కడే దిగి, నెర్రె పొడవునా అరచేతితో తడుముకుంటూ మెట్ల కిందిదాకా వంగాడు. పైకొచ్చి చొక్కా విప్పి, కుట్టు మిషన్లను తనే ఒక్కొక్కటిగా మోసి దించాడు. బజారు పెద్దలు వచ్చి, ఏందప్పా గోడకు ఈ మచ్చ అని అడిగితే, "మచ్చ కాదప్పా, మా చెల్లెలు, మా పాప చేసిన పని" అన్నాడు. అడగనివాళ్ళకు కూడా పిలిచి మరీ చెప్పాడు. టెంకాయ అత్త చేతికిచ్చి కొట్టమన్నాడు. నాకు ఆ రోజు నేల మీద కాళ్ళు ఆనలేదు.

ఆ తర్వాత ఆ గదిలో ఎంతమంది ఆడపిల్లలు కుట్టు నేర్చుకుని వెళ్ళారో లెక్క పెట్టినవాళ్ళు లేరు. నేను పెళ్ళయి ఊళ్ళోనే గాంధీనగర్ వచ్చినా, ఆయుధపూజకు మాత్రం అక్కడికే పోయేదాన్ని. మిషన్లకు, కత్తెరలకు, స్కేళ్ళకు గంధం, కుంకుమ పెట్టాక, అత్త చివరగా మెట్ల కిందికి వంగేది. అక్కడ సిమెంటులో నా చిన్న అరచెయ్యి అచ్చుపడి ఉంది. వేళ్ళ అంచున రెక్సిన్ మీది కుట్లు కూడా వరసగా కనిపిస్తాయి. దానికీ ఒక బొట్టు పెట్టేది. "ఇది కూడా ఆయుధమే" అనేది.

కాపురంలోనూ పిల్లల దగ్గరా ఆ గోడే నాకు పనికొచ్చింది. ఇంట్లో ఎవరికైనా కోపం పొంగినప్పుడు నేను నోరు మూయించను. ముందు దారి ఇస్తాను, ఉన్నదంతా వెళ్ళబోసుకోనిస్తాను. ఆ తర్వాత పెట్టిన చెయ్యి మాత్రం వెచ్చగయ్యేదాకా తీయను. మా అల్లుణ్ణి అడగండి, చెబుతాడు.

అత్త పోయింది. తను నేర్పిన పిల్లే ఇప్పుడు ఆ మిషన్లు నడుపుతోంది. అత్త లేని మొదటి ఆయుధపూజకు మా మనవరాలిని వెంటబెట్టుకుని వెళ్ళాను. అన్నిటికీ కుంకుమ పెట్టడం అయింది. మెట్ల కిందికి ఎవరూ వంగలేదు. ఆ వాన రోజు ఆ గోడ దగ్గర ఉన్నవాళ్ళలో మిగిలింది నేనే. మోకాళ్ళు మొరాయిస్తున్నా కూర్చుని, గోడ తడిమాను. వారం నుంచి వాన, గోడ మాత్రం పొడిగా ఉంది. వేలికి కుంకుమ అద్దుకుని ఆ చేతికి బొట్టు పెట్టాను.

మా మనవరాలు పకపకా నవ్వింది. "ఏంది అవ్వా, నీ చేతికి నువ్వే పూజ చేసుకుంటాండావా?"

"అవునే, చేసుకుంటాండా" అన్నాను. దాని చెయ్యి పట్టుకుని లోపలికి లాగి, ఆ గుర్తులో పెట్టించాను. సరిగ్గా సరిపోయింది.