దాసన్న కిందికి జరిపిన శ్రీ

నిన్న పొద్దున బస్సులో ఉండగా ఫోన్ వచ్చింది. దాసన్న పోయాడట.

"ఏ దాసన్న?" అని అడిగాను. నాకు తెలిసింది ఒక్క దాసన్నే. అయినా అడిగాను.

సాయంత్రం వాళ్ల ఊరు ఆత్మకూర్‌లో మట్టి వేసి వచ్చాం. నిద్ర లేదు. ఓపిక కూడా లేదు. కానీ ఈ మాట ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పను.

షాద్‌నగర్‌లో నా మొదటి ఉద్యోగం. కిరాణా షాపు పైన చిన్న ఆఫీసు, వెబ్‌సైట్లు చేసేవాళ్లం. దాసన్న సీనియర్, నా పక్క సీటు.

ఒక కాలేజీకి అడ్మిషన్ ఫారం చేశాను. పిల్లలు పేరు, మార్కులు నింపి నెక్స్ట్ కొడితే రెండో పేజీలో అన్నీ ఖాళీ! మేం కోడ్ రాసే పీహెచ్‌పీలో సెషన్, అంటే ఒక పేజీలో నింపింది తర్వాతి పేజీ దాకా గుర్తుంచుకునేది, నిలవడం లేదు. నా లాప్‌టాప్‌లో మాత్రం బ్రహ్మాండంగా నడుస్తోంది.

మర్నాడే లాస్ట్ డేట్. ఆఫీసు నడిపే సార్ నాకు అప్పటికే రెండు వార్నింగ్‌లు ఇచ్చాడు. మూడోది అంటే ఇంటికే.

నేను కుకీలు చూశాను, సెట్టింగ్‌లన్నీ కెలికాను, సర్వర్ వాళ్లను తిట్టాను. దాసన్న టీ పక్కన పెట్టి ప్రతి ఫైలూ మొదటి లైన్ నుంచి చదివాడు. పెదవులు కదుపుతూ, నింపాదిగా. ఎప్పుడూ అంతే.

రెండు గంటల తర్వాత నా వైపు తిరిగాడు.

"తమ్మీ, గీ శ్రీ ఎవరు రాసిన్రు?"

నేనే. ఏ కాగితం మొదలుపెట్టినా పైన శ్రీ రాయమని మా అవ్వ నేర్పింది. స్క్రీన్ మీద కనబడకుండా కామెంట్‌గా పెట్టాను, కానీ పీహెచ్‌పీ మొదలయ్యే లైన్‌కు పైన. సెషన్ స్టార్ట్ కాకముందే అది బ్రౌజర్‌కు వెళ్లిపోతోంది. ముందే ఏదైనా వెళ్లిపోతే, నింపింది ఎవరో గుర్తుపట్టే చీటీ లాంటి సెషన్ కుకీ ఇక బ్రౌజర్‌కు చేరదు; అందుకే రెండో పేజీ ఖాళీ. నా లాప్‌టాప్ సెట్టింగ్ వేరు కాబట్టి అక్కడ బయటపడలేదు.

తీసేయబోయాను. చేయి పట్టి ఆపాడు.

"తీసుడెందుకు? అవ్వ చెప్పింది గదా. కోడ్ లోపట పెడితే ఎవలకు అడ్డం రాదు."

ప్రతి ఆదివారం చర్చికి పోయే మనిషి. తన చేత్తోనే శ్రీని కిందికి జరిపాడు. ఫారం నడిచింది.

ఎవరి తప్పని సార్ అరిస్తే, "నాదే సార్, చూసుకోలె" అన్నాడు. అందరి ముందు మాటలు పడ్డాడు. నేను నోరు తెరవలేదు.

సార్, మీరు ఈ పోస్ట్ చూస్తారనే రాస్తున్నాను. ఆ తప్పు నాది.

పోయిన నెల దవాఖాన నుంచి మెసేజ్ పెట్టాడు, "తీరిక దొరికితే రా తమ్మీ" అని. ఆదివారం వస్తానన్నాను. నాలుగు ఆదివారాలు పోయాయి. సిగ్గుగా ఉంది.

ఆ ఫైల్‌నే ఇన్నేళ్లూ ప్రతి ప్రాజెక్టులో కాపీ చేసుకుంటూ వచ్చాను. ఇందాక తెరిచాను దాసన్నా. సెషన్ స్టార్ట్ అయ్యే లైన్ కింద, నువ్వు జరిపిన చోటే ఉంది శ్రీ.

దాని పక్కన నీ పేరు రాశానన్నా. లోపలే, ఎవరికీ అడ్డం రాని చోట.

ఇక నెమ్మదిగా పండుకో దాసన్నా. నీ ప్రభువు నీకు శాంతినియ్యాలి.