గుర్రానికి కోడి పంచాంగం

పెద్దిరాజుది భీమవరానికి ఆనుకున్న ఊరు. రెండెకరాల వరి, కౌలుకు తీసుకున్న రొయ్యల చెరువు, ఇంటి వెనక ఓ రేకుల షెడ్డు. ఆ షెడ్డులో పందెం కోళ్లుంటాయి. వాటికి పొద్దున నానబెట్టిన బాదం పప్పు, మధ్యాహ్నం మటన్ కైమా, సాయంత్రం ఉడికించిన గుడ్డు. ఆ పెద్దిరాజు చేలోనే నాట్లు వేసే ఆడమనిషి బాదం పప్పు ఎప్పుడైనా తిన్నదో లేదో ఆ ఊళ్లో ఎవరూ అడగరు. కోడి నీరసపడితే మాత్రం నలుగురు పలకరిస్తారు.

చట్టం కోడిపందెం వద్దంటుంది. ఊరు ఏటా షామియానా వేస్తుంది. ఆ షామియానా కింద పెద్దిరాజుకు పెద్ద హోదా. అతను కోడి పంచాంగం చూసి చెబుతాడు. నల్లకోడి కాకి, ఎర్రకోడి డేగ. ఏ రోజు ఏ పూట ఏ రంగుకు రాజ్యం, ఏ రంగుకు నిద్ర అన్నది అందులో ఉంటుంది. రాజ్యంలో ఉన్నది గెలవాలి, నిద్రలో ఉన్నది ఓడాలి. అలా జరిగితే పంచాంగం గొప్పది. జరక్కపోతే కోడి రంగు పోల్చుకోవడంలో మనిషి పొరబడ్డాడు. ఓడిపోయే వీలే లేని శాస్త్రం మీద జనం నిజమైన డబ్బు పోగొట్టుకుంటూ ఉంటారు.

పెద్దిరాజు భార్య మీనాకుమారికి ఆ షెడ్డు కావాలి. ఆమె నడిపే పొదుపు సంఘంలో ఆడవాళ్లు బడిపిల్లల యూనిఫారాలు కుడతారు. కుట్టుమిషన్లు రామతులసి ఇంటి అరుగు మీద ఉన్నాయి. వాన వస్తే వాళ్లు మిషన్ల మీద పట్టాలు కప్పి, పక్కన తడుస్తూ నిలబడతారు. షెడ్డు ఇమ్మని ఆమె ఎన్నిసార్లు అడిగినా పెద్దిరాజు నవ్వి ఊరుకునేవాడు.

ఈ మాఘమాసంలో రాజమహేంద్రవరం అవతల ఓ మెట్ట ఊళ్లో గుర్రపు పందాలు పెట్టారని తెలిసింది. పెద్దిరాజు ఇస్త్రీ చొక్కా తీశాడు.

"గుర్రాల సంగతి మీకేం తెలుసండీ?" అంది మీనాకుమారి.

"రంగు తెలిస్తే చాలదా. ఈకలున్నా రంగే, జూలున్నా రంగే."

"అయితే నాతో కాయండి పందెం. మీరు చెప్పిన గుర్రం గెలిస్తే షెడ్డు మాట మళ్లీ ఎత్తను. ఓడితే షెడ్డు మాది."

"మాది అంటే?"

"మా సంఘానిది."

పెద్దిరాజు ఉత్సాహంగా ఒప్పుకున్నాడు. అయితే ఆమె కూడా చీర మార్చుకుని బయల్దేరుతుందని అనుకోలేదు. "ఇంటికొచ్చి మీరు చెప్పే కథ వినే కంటే గుర్రాన్నే చూస్తే పోదా," అని బైకెక్కి కూర్చుంది.

అక్కడ పందెం పద్ధతి వేరు. గుర్రాలన్నీ కలిసి పరిగెత్తవు. ఊరి బయట మట్టిరోడ్డు మీద ఒక్కో గుర్రాన్ని విడిగా వదులుతారు. ఏది తక్కువ సమయంలో అవతలి జెండా చేరితే దానిదే బహుమతి. పెద్దిరాజు ఫోన్లో పంచాంగం తెరిచాడు. ఆ పూట కాకికి రాజ్యం. మొదట్లోనే ఓ నల్లగుర్రం పరిగెత్తబోతోంది.

"నల్లదే," అన్నాడు చుట్టూ వినపడేలా. అతన్ని ఎరిగినవాళ్లు అక్కడా ఉన్నారు. చాటుగా నోట్లు నల్లదాని మీదకి మళ్లాయి.

పందెం మాత్రం మొదలవలేదు. ప్రారంభించాల్సిన నాయకుడు రాలేదు. పొద్దెక్కింది. మైకులో "వచ్చేస్తున్నారు, దారిలో ఉన్నారు" అంటూనే ఉన్నారు. గుర్రాలు ఎండలో నిలబడ్డాయి, జనం ఆయన ఫ్లెక్సీ నీడలో నిలబడ్డారు. ఆయన వల్ల ఆ పూట జనానికి జరిగిన మేలు ఆ నీడే.

మీనాకుమారి ఊరుకోలేక ఓ బక్కెట్టు నీళ్లు తెచ్చి ఎర్రగుర్రం ముందు పెట్టింది. దాని యజమాని జీవరాజు నిడదవోలు నుంచి వచ్చాడు.

"పందాలు లేనప్పుడు దీన్నేం చేస్తారండీ?" అని అడిగింది.

"పెళ్లి ఊరేగింపులకి తోలుకెళ్తానండి. ఆయ్, మంచి గిరాకీ దీనికి. పెళ్లికొడుకుని కూర్చోబెట్టుకుని ఎంత ఓపిగ్గా నడుస్తదనుకున్నారు."

ఆమె వెనక్కి వచ్చేసరికి పెద్దిరాజు దిగులుగా ఫోన్ చూస్తున్నాడు. పూట మారిపోయింది. ఇప్పుడు కాకికి నిద్ర, డేగకి రాజ్యం.

"మార్చాలే. ఎర్రదే గెలుస్తది."

"అది పెళ్లిళ్ల గుర్రమంటండీ."

"దాని ఉద్యోగంతో మనకేం పని. రంగు చూడాలి."

"మార్చేది మీరే. నేను మార్చమనలేదు. తర్వాత నన్ననకూడదు."

"నిన్నెందుకంటానే," అని పెద్దిరాజు తనవాళ్లందరికీ కబురు చెప్పాడు. నోట్లు ఎర్రదాని మీదకి మారాయి.

నాయకుడు చివరికి పెద్ద డీజే బండితో వచ్చాడు. రిబ్బను కత్తిరించి, మూగజీవాలను ప్రేమించమని ప్రసంగించి, దాహంతో ఉన్న ఆ మూగజీవాల పక్కనుంచే వెళ్లి కారెక్కాడు. గుర్రాలను వదలడం మొదలైంది. నల్లది దుమ్ము రేపుకుంటూ పోయింది. టైము మైకులో చెప్పగానే జనం ఈలలు వేశారు. పెద్దిరాజు చలించలేదు. తనవాళ్లతో, "డేగ రానీండి," అన్నాడు.

డేగ వచ్చింది. నిజం చెప్పాలి, నల్లదానికంటే మెరుపుగా దూకింది. సగం దూరం చేరేసరికి పెద్దిరాజు మునివేళ్ల మీద లేచి నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే పక్కరోడ్డు మీద వెనుదిరుగుతున్న నాయకుడి డీజే బండి పాట అందుకుంది. పెళ్లి ఊరేగింపుల్లో వాయించే దరువు.

ఎర్రగుర్రం ఆగింది. మెడ వంచింది. ముందుకాళ్లు ఒకటి తర్వాత ఒకటి ఎత్తి తాళం ప్రకారం నాట్యం మొదలుపెట్టింది. పైనున్న కుర్రాడు కళ్లెం లాగినకొద్దీ అది ఇంకా శ్రద్ధగా ఆడింది. జనంలో ఎవరో అలవాటుకొద్దీ పదిరూపాయల నోటు దాని తల చుట్టూ తిప్పారు.

"గుర్రం డ్యాన్సు చేస్తుందండి, టైము నడుస్తుందండి," అంది మైకు.

"ఆ పాట ఆపండ్రా బాబూ," అని జీవరాజు అవతలి జెండా దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చాడు. అతను వచ్చేసరికి పాట అయిపోయింది, పందెమూ అయిపోయింది. నల్లగుర్రానికి బహుమతి.

డబ్బు పోయినవాళ్లు పెద్దిరాజు చుట్టూ మూగారు. "ఏవండీ రాజు గారూ, డేగకి రాజ్యమన్నారు. పెళ్లికొడుకేడండీ మరి?" అన్నాడొకడు. ఇంతకాలం షామియానా కింద అతనికి కుర్చీ వేసినవాళ్లలో వాడొకడు.

తిరుగుదారిలో కొవ్వూరు వంతెన దాటారు. పెద్దిరాజు బైకు నెమ్మది చేసి, "ఆ నాయకుడు టైముకి వచ్చుంటే కాకి రాజ్యంలోనే పరిగెత్తేది. నేను గెలిచేవాణ్ణే," అన్నాడు.

"నిద్రలో పరిగెత్తి కూడా గెలిచింది కదండీ," అంది మీనాకుమారి వెనకనుంచి.

 నిడదవోలు దాటి చాలాదూరం దాకా అతను జవాబు కోసం మనసులోనే పంచాంగం తిరగేస్తున్నాడని ఆమెకు వెనకనుంచి అతని మెడ చూస్తేనే తెలిసింది.

"మంచి గడియ చూసి ఖాళీ చేద్దాంలే," అన్నాడు ఇల్లు చేరాక.

"రేపు పొద్దున మావాళ్లొస్తారండి. ఊడ్చి ఇవ్వాలి."

మర్నాడు అతను కోళ్లను తెచ్చి జామచెట్టు కింద కట్టేశాడు. పెళ్లయినప్పటినుంచి పట్టని చీపురు పట్టి షెడ్డు ఊడ్చాడు. రామతులసి, మిగతావాళ్లు మిషన్లు మోసుకుంటూ వచ్చేసరికి స్టూలెక్కి పైనున్న ఫ్యాను విప్పుతున్నాడు.

"అదెందుకండీ?" అంది మీనాకుమారి.

"కోళ్లకే. ఎండకి తట్టుకోలేవవి."

"మేమూ తట్టుకోలేమండీ."

రామతులసి మిషను దించి, చెమట తుడుచుకుంటూ పైకి చూసింది. అందరూ పైకే చూస్తున్నారు. పెద్దిరాజు విప్పిన మరను మళ్లీ బిగించి, మెల్లగా స్టూలు దిగాడు.

"రెండు మీద పెడితే బాగా తిరుగుతది," అన్నాడు గుమ్మం దాటుతూ. "మూడు మీద పెడితే శబ్దం చేస్తదమ్మా, చూసుకోండి."